కిరాణా సంచి మీద తుఫాను గీత

ఒడీల్ షెరామీకి అక్షరాల కంటే ముందు అక్షాంశాలు వచ్చాయి. గొప్ప కోసం చెబుతున్న మాట కాదు. టెక్సాస్‌కి తూర్పున, బయూ కోర్వీ కాలువ చివర, రోడ్డు కాస్తా నీళ్లలోకి దిగిపోయే చోట పుట్టిన పిల్లలు చాలామంది అంతే. వేసవి ముదిరితే తుఫాను ఎక్కడుందో రేడియోలో ఆరు గంటలకోసారి చెబుతారు. కిరాణా కొట్టువాడిచ్చే గోధుమరంగు కాగితం సంచికి ఒకవైపు పందిమాంసం, బియ్యం ధరలుంటాయి, రెండోవైపు గళ్లు గీసిన అఖాతం పటం ఉంటుంది. ఒడీల్ తండ్రి క్లోవిస్ ఆ సంచిని కత్తిరించి వంటింటి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు కాఫీ కప్పులు పెట్టేవాడు.

"చెప్పు, షా," అనేవాడు. ఆ కాలువ వాళ్లు ముద్దొస్తే ఎవరినైనా షా అంటారు.

"ఇరవై ఆరు పాయింటు మూడు. ఎనభై తొమ్మిది పాయింటు ఏడు."

క్లోవిస్ పెన్సిలు మొన నాలికతో తడిపి చుక్క పెట్టి, వెనకటి చుక్కతో కలిపేవాడు. రొయ్యల పడవ నడిపి కాయలు కాసిన చేతులవి. వలకి ముడి వేస్తే విప్పడం ఎవరి తరమూ కాదు గానీ, ఆ చుక్క దగ్గర మాత్రం సూదిలో దారం ఎక్కిస్తున్నంత జాగ్రత్త. తుఫాను పోయాక సంచి మడతపెట్టి సొరుగులో వేసేవాడు. తుఫానుకో సంచి. ఆ ఇంట్లో ఫోటోల ఆల్బం లేదు, సొరుగు నిండా తుఫానులున్నాయి.

బడి అయ్యాక ఒడీల్ అదే కిరాణా కొట్టులో తొమ్మిదేళ్లు గల్లా దగ్గర నిలబడి అవే సంచులు అందించింది. మధ్యలో చమురు రిగ్గు మీద పనిచేసే ఒకతన్ని పెళ్లాడింది. అతను రిగ్గు మీదున్నన్నాళ్లూ కాపురం బాగానే సాగింది, ఇంటికి వచ్చినప్పుడే పేచీ. నాలుగేళ్లకి ఇద్దరూ ఒక దణ్ణం పెట్టుకుని విడిపోయారు. తర్వాత పారిష్ ఆఫీసులో టైపు చేసే ఉద్యోగం దొరికింది. జిల్లాని అక్కడ పారిష్ అంటారు. టైపు చేస్తూ చేస్తూ కంప్యూటర్లో పటాలు గీయడం నేర్చుకుంది. నలభై ఆరేళ్లప్పుడు, తన ఈడులో సగం కూడా లేని పిల్లల పక్కన కూర్చుని, వెబ్ పేజీలు కట్టడమూ నేర్చుకుంది. ఆ పిల్లలు మొదటి వారం ఆమెను చూసి నవ్వారు. మూడో వారానికి ఆమె పక్క కుర్చీ కోసం పోటీ పడ్డారు.

ఆమెకి యాభై మూడేళ్లున్నప్పుడు పై అధికారి గిల్‌బో పిలిచి ఒక పని అప్పగించాడు. పాత తుఫానులు ఏ దారిన వచ్చాయో జనం ఎవరికి వారు ఫోన్లో చూసుకునేలా ఒక పేజీ కట్టాలి. ఇంటి చిరునామా కొడితే చాలు, ఆ ఇంటి పక్కనుంచి పోయిన తుఫానులన్నీ గీతలై వెలగాలి. ఒడీల్‌కి పండగ వచ్చినట్టయింది. తండ్రిని ఆమె పాపా అని పిలుస్తుంది. అది పాపా సొరుగే కదా, ఇప్పుడు అందరి చేతిలో ఉంటుంది అనుకుంది. ఎవరితోనూ అనలేదు గానీ, ఆ పేజీ ఆమె తండ్రి కోసమే కట్టింది.

కట్టడం తేలికేమీ కాలేదు. నూట డెబ్భై ఏళ్ల తుఫానులు ఒకే ఫైలు, ఆరు గంటలకొక వరస. మొదటిరోజు పడమటి రేఖాంశానికి ముందు మైనస్ గుర్తు పెట్టడం మరిచిపోయింది. మీట నొక్కేసరికి అఖాతం తుఫానులన్నీ కట్టకట్టుకుని భూగోళం అవతలకి పోయి హిమాలయాల మీద తిరుగుతున్నాయి. తర్వాత, గాలి ఒత్తిడి తెలియని చోట ఫైల్లో పెట్టే తొమ్మిది వందల తొంభై తొమ్మిదిని నిజం ఒత్తిడి అనుకుని లెక్కేసింది. ఆ తప్పులన్నీ తనే పట్టుకుంది. ఒక్కటి మాత్రం తండ్రి పట్టాడు.

"ఇది ఆదివారం రాలేదే," అన్నాడు తెర మీద వేలు పెట్టి. ఎనభై ఏళ్లు దాటినా కన్ను చురుకే. "శనివారం సాయంత్రం వచ్చింది. నేను స్నానానికి నీళ్లు కాచుకున్నా. ఆ నీళ్లు అట్టాగే పోయినై."

"ఫైల్లో ఆదివారమనే ఉంది, పాపా."

"అయితే నీ ఫైలు స్నానం చెయ్యలేదు."

చూస్తే, ఫైల్లో గంటలన్నీ గ్రీనిచ్ గంటలు. వాళ్ల ఊరి శనివారం సాయంత్రం అక్కడ ఆదివారం అయిపోతుంది. ఒడీల్ నెత్తి కొట్టుకుని దిద్దుకుంది. ఆ నెల రోజులూ తండ్రీకూతుళ్లు సొరుగులోని ఒక్కో సంచినీ తీసి తెరతో పోల్చి చూశారు. ఒక్క లుసిల్ తుఫానుకి మాత్రం సంచి కనిపించలేదు. అది యాభై ఏడేళ్ల కిందటి తుఫాను. క్లోవిస్ తమ్ముడు ఎవారిస్ట్ దాంట్లోనే పోయాడు. కట్టేసిన పడవ కొట్టుకుపోతుంటే కాపాడబోయి పోయాడని ఇంట్లో అందరూ చెప్పేవాళ్లు.

"లుసిల్ సంచేదీ?" అంది ఒడీల్.

"తడిసిపోయింది," అని క్లోవిస్ కాఫీ పెట్టుకోవడానికి లేచాడు.

ఇక వృత్తం సంగతి. చిరునామా చుట్టూ ఎన్ని మైళ్ల వరకు వెతకాలో పేజీకి చెప్పాలి. వంద మైళ్లు పెడితే ఇల్లు కనిపించలేదు, అన్నీ గీతలే, చిక్కుపడ్డ వలలాగా. ఫోన్లో తెరుచుకోవడానికి అర నిమిషం. గిల్‌బో చూసి మొహం చిట్లించాడు. "శుభ్రంగా ఉండాలి, ఒడీల్. ఇట్టా ఉంటే జనం జడుసుకుంటారు," అన్నాడు. యాభైకి తగ్గించింది. ఇంకా గజిబిజిగానే ఉంది. పదిహేనుకి తగ్గించింది. రెండు మూడు గీతలు, మధ్యలో ముచ్చటగా ఇల్లు. రెండు నిమిషాల పని, అంతే. తర్వాత వేరే పనిలో పడింది. ఆ రెండు నిమిషాలూ ఆమెకి జన్మంతా గుర్తుంటాయి.

మే నెలలో ఫైర్ స్టేషన్ హాల్లో పేజీని అందరికీ చూపించారు. గంగాళంలో రొయ్యలు, మొక్కజొన్న కండెలు ఉడుకుతున్నాయి, కాలువ కాలువంతా అక్కడే ఉంది. ముందు వచ్చింది ఫెరెల్. పోయిన ఎవారిస్ట్ కొడుకు. తండ్రి పోయేనాటికి చంటిబిడ్డ. వాడికి జ్ఞానస్నానంలో పెద్దదిక్కుగా నిలబడినవాడు క్లోవిస్. ఆ వరసనే ఫెరెల్ ఆయన్ని పారెన్ అంటాడు, తండ్రి అనే మాట వాడాల్సిన చోటల్లా ఆ మాటే వాడాడు. తండ్రి ఇల్లున్న స్థలంలోనే ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉంటాడు. మోకాలు బాగుండదు గానీ నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది.

"ఏదీ, ఒడీల్, నా కొంప జాతకం చెప్పు," అన్నాడు.

చిరునామా కొట్టింది. ఇంటి చుట్టూ వృత్తం వచ్చింది. లోపల ఒక్క గీతా లేదు. కింద పెద్ద అంకెలో సున్నా పడింది.

"చూశారా! నూట డెబ్భై ఏళ్లలో ఒక్కటీ రాలా! మా స్థలంలో మేరీమాత పాదం మోపింది," అని ఫెరెల్ రొయ్యల పళ్లెం ఎత్తి చూపించాడు. హాలంతా నవ్వులు. ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి ముసలివాళ్లకి తెలియక కాదు. కానీ కట్ట పోసి ఇరవై ఏళ్లయింది, ఆ తర్వాత నీళ్లు రాలేదు, ఇప్పుడు ప్రభుత్వం పేజీయే సున్నా అంటోంది. వినాలనుకున్న మాట వినిపిస్తే ఎవరు మాత్రం కాదంటారు? ఒకరి తర్వాత ఒకరు కొట్టించుకున్నారు. ఒకటి, సున్నా, సున్నా, రెండు.

క్లోవిస్ మాత్రం నవ్వలేదు. పళ్లెం బల్ల మీద పెట్టేసి కూతురి దగ్గరికి వచ్చాడు.

"ఆ సున్నా తీసెయ్."

"అదేంటి పాపా?"

"తీసెయ్ అంటున్నా."

"ఎందుకో చెప్పు, తీసేస్తా. లెక్క తప్పా?"

ఆయన ఒకసారి ఫెరెల్ వైపు చూశాడు. టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. ఒడీల్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరి మెప్పు కోసం ఇంత చేసిందో ఆ ఒక్కడే మొహం తిప్పుకుపోయాడు. అప్పటికీ ఇంటికెళ్లి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన వల బాగుచేసుకునే పనిలో పడ్డాడు. దాంతో ఆమెకీ పంతం వచ్చింది, ముసలితనపు చాదస్తం అనుకుని ఊరుకుంది. ఇద్దరూ మూతులు ముడుచుకుని మూడు నెలలు కాఫీ విడివిడిగా తాగారు.

ఆగస్టు చివర్లో బ్రూనో తుఫాను వచ్చింది.

అఖాతం మధ్యలో పుట్టి పడమర వైపు సాగింది. గీత టెక్సాస్ వైపు పోతోంది. కాలువకి తొంభై మైళ్ల అవతల. అయినా మూడు రోజులుగా ఆగ్నేయపు గాలి ఆగకుండా వీస్తోంది, కాలువ నీళ్లు ఒడ్డెక్కి గడ్డిలో నిలబడ్డాయి. కట్ట దిగువన ఉన్నవాళ్లంతా మధ్యాహ్నం రెండింటిలోగా ఖాళీ చేయాలని షెరీఫ్ మనుషులు ఇంటింటికీ చెప్పి వెళ్లారు. రెండు దాటితే రోడ్డు మునుగుతుంది, ఆ తర్వాత రావడానికీ పోవడానికీ లేదు.

ఒడీల్ తండ్రిని తీసుకెళ్లడానికి వచ్చేసరికి పదకొండైంది. ఆయన అప్పటికే తయారై కూర్చున్నాడు, ఒళ్లో ఏదో రబ్బరుగుడ్డలో చుట్టిన పొట్లం.

"ముందు ఫెరెల్ దగ్గరికి పోనీ," అన్నాడు.

ఫెరెల్ వరండాలో కుర్చీ వేసుకుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. మూట లేదు, ముల్లె లేదు.

"ఎక్కడికీ రాను," అన్నాడు వాళ్లు దిగకముందే. "ఆ చర్చి హాల్లో నేల మీద పడుకుంటే ఈ మోకాలు మళ్లీ లేవదు. పైగా నాకు కాగితం ఉంది."

"ఏం కాగితం?" అంది ఒడీల్.

"నీదే! లోపల చూడు."

ఫ్రిజ్ తలుపుకి రొయ్య బొమ్మ అయస్కాంతం కింద ఒక కాగితం. ఆమె పేజీయే, రంగుల్లో అచ్చు తీయించాడు. ఇల్లు, వృత్తం, సున్నా. చూడగానే ఒడీల్ గిరుక్కున వెనక్కి తిరిగింది. వరండాలోకి వచ్చి గడగడా చెప్పింది. గీత అంటే తుఫాను కాదు, దాని కన్ను పోయే దారి మాత్రమే. తుఫాను రెక్కలు వంద మైళ్ల దాకా ఉంటాయి. కుడి రెక్క కిందున్నవాళ్ల మీదికి సముద్రం లేచి వస్తుంది. ఆ పదిహేను మైళ్లు తను చూడ్డానికి బాగుంటుందని పెట్టింది. తప్పు తనదే.

"ఇప్పుడు మాట మారుస్తున్నావే," అన్నాడు ఫెరెల్ నవ్వుతూ. "మేలో ఒకటి, ఆగస్టులో ఒకటా? ప్రభుత్వం ఉద్యోగం అనిపించావు. మా నాన్న పడవ కోసం ప్రాణమిచ్చాడు. ఆయన కొడుకుని, తొంభై మైళ్ల అవతలి తుఫానుకి పారిపోతే ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

క్లోవిస్ మెట్లెక్కి వచ్చాడు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. రబ్బరుగుడ్డ విప్పి, అందులోంచి ఒక కాగితం సంచి తీసి ఫెరెల్ ఒళ్లో పరిచాడు. ఇస్త్రీ చేసినట్టు మడతలన్నీ చదునుగా ఉన్నాయి. పెన్సిలు చుక్కలు, గీత. గీత టెక్సాస్ వైపు పోతోంది. చివరి చుక్క పక్కన క్లోవిస్ చేతిరాత. "ఉదయం 10. ఎవారిస్ట్‌కి చెప్పాను. భయం లేదు."

"ఏంటిది, పారెన్?"

"లుసిల్. తడవలేదు. దాచిపెట్టా."

"భయం లేదంటే?"

"మీ నాన్న రెండు రోజులు నిద్రపోలేదు. ఇద్దరం కలిసి పడవలు పైన లాకు దగ్గరికి చేర్చాం. నీకు జ్వరమని మీ అమ్మ నిన్నెత్తుకుని టౌనుకి పోయింది. ఆ పొద్దున వాడు బండి తాళాలు చేత్తో పట్టుకుని అడిగాడు. 'పోదామా, అన్నా?' అన్నాడు. నేనీ సంచి చూపించా. గీత ఎంత దూరంలో ఉందో చూడు, వెళ్లి పడుకో అన్నా."

ఫెరెల్ చేతిలో కాయ అలాగే ఉంది. "పడవ కోసం కదా..."

"పడవ కట్టేసే ఉంది. నా పడవ పక్కన నేనే కట్టా. చిన్న గీత కూడా పడలా దాని మీద. వాడు మంచం మీద నిద్రపోతున్నాడు, ఫెరెల్. ఇక్కడే. నువ్వు కూర్చున్నచోటే. నేను చెప్పానని నిద్రపోయాడు." ఆయన సంచి మీది చివరి చుక్క మీద వేలు పెట్టాడు. "పడవ కథ నేను కట్టిందే. మీ అమ్మకి చెప్పా. ఆమె నమ్మింది. తర్వాత నీకు చెప్పా. నువ్వు బళ్లో చెప్పుకున్నావు. ఇంక వెనక్కి తీసుకోలేకపోయా."

ఎదురుగా రోడ్డు మీద నీళ్లు ఒకవైపునుంచి రెండోవైపుకి పాకుతున్నాయి. ఒడీల్ తండ్రి చెయ్యి పట్టుకోబోయింది, ఆయన వదిలించుకున్నాడు. ఆయన చూపంతా ఫెరెల్ మీదే ఉంది.

"తిట్టు. కొట్టు. ఏమన్నా చెయ్యి," అన్నాడు. "బండెక్కి చెయ్యి."

ఫెరెల్ మెల్లిగా లేచాడు. సంచి మడతపెట్టి చొక్కాలో పెట్టుకున్నాడు. లోపలికెళ్లి ఫ్రిజ్ మీది కాగితం లాగేసి, తాళాలు తీసుకుని వచ్చాడు. క్లోవిస్ పక్కనుంచే దిగాడు గానీ ఆయన మొహం చూడలేదు. తన బండి తనే నడుపుకుంటూ పోయాడు. ఒడీల్ వాళ్లు వెనకే వెళ్లారు. దారిపొడవునా ఆ ముసలాయన ముందు బండి వెనక దీపాల మీదినుంచి చూపు తిప్పలేదు.

బ్రూనో గీత తొంభై రెండు మైళ్ల అవతలనుంచి పోయింది. కట్ట రెండు చోట్ల తెగింది. వారం తర్వాత వచ్చి చూస్తే, ఫెరెల్ ఇంటి లోపల గోడ మీద బురద గీత ఒడీల్ తలకంటే పైన ఉంది. టేపు పెట్టి కొలిచింది. ఆరడుగుల రెండంగుళాలు. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

పేజీలో సున్నాని ఆమె తుఫాను రాకముందే, ఆశ్రయమిచ్చిన చర్చి హాల్లో కూర్చుని తీసేసింది. ఇప్పుడు మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. ఆఫీసు అయ్యాక టేపు పట్టుకుని ఇంటింటికీ తిరిగి బురద గీతలు కొలిచింది, ముసలివాళ్లని పాత తుఫానుల్లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో అడిగింది. కొత్త పేజీలో తుఫాను పేరు కొడితే రెండే వరసలు పక్కపక్కన వస్తాయి. గీత ఎంత దూరం, ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తు. జనం తామే రాసుకోవడానికి నాలుగు గడులు పెట్టింది. ఎవరి ఇల్లు, నీళ్లెంత, ఫోటో ఉంటే ఫోటో, ఈ సంగతి ఎవరు చెప్పారు.

"దీనికి ఆధారం ఏంటి, ఒడీల్?" అన్నాడు గిల్‌బో నసుగుతూ.

"గోడ," అంది.

ఆయన అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు.

ఫెరెల్ పాడైన ఇంటి వెనక చక్రాల మీది ట్రెయిలర్ ఇంట్లో ఉంటున్నాడు. ఒడీల్‌తో మాట్లాడతాడు. క్లోవిస్ ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోతాడు. నవంబరు ఒకటి, ఊరంతా సమాధులకి సున్నం వేసే రోజు. యాభై ఏడేళ్లుగా తమ్ముడి సమాధికి క్లోవిసే వేస్తున్నాడు. ఆ పొద్దున బకెట్టు, కుంచె పట్టుకుని వెళితే, సమాధి అప్పటికే తెల్లగా, తడిగా ఉంది. ఫెరెల్ తెల్లవారకముందే వచ్చి వేసి పోయాడు. క్లోవిస్ తడవని కుంచెతో ఇంటికి తిరిగొచ్చాడు. ఆ రోజంతా ఏమీ తినలేదు. పుట్టెడు దుఃఖాన్ని అరవకుండా మోసే మనిషిని చూడటం కన్నా, అరిచేవాణ్ణి చూడటం సులువు.

డిసెంబరులో ఒక శుక్రవారం, ఒడీల్ ఆఫీసులో కొత్తగా వచ్చిన వివరాలు చూసుకుంటోంది. లుసిల్ కింద ఒకటి వచ్చి ఉంది. రెండుసార్లు చదివి, కోటు వేసుకుని తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్లింది. ఆయన వంటింట్లో బీన్స్ గింజలు ఏరుతున్నాడు. ఒడీల్ ఫోను తీసి బల్ల మీద పెట్టింది. అటూ ఇటూ రెండు కాఫీ కప్పులు.

"ఫెరెల్ రాశాడు, పాపా."

ఆయన చెయ్యి బీన్స్‌లోనే ఆగిపోయింది. "చదువు."

"తుఫాను, లుసిల్. గీత దూరం, ఎనభై ఎనిమిది మైళ్లు. ఎవారిస్ట్ షెరామీ ఇల్లు. నీళ్లు గుమ్మం పైదాకా. ఒకరు పోయారు, నిద్రలో."

"సంచి ఫోటో పెట్టాడా? నేను రాసింది?"

"లేదు. ఫోటో గడి ఖాళీగా వదిలేశాడు."

క్లోవిస్ చేతిలోని గింజలు గిన్నెలో వేశాడు. "ఎవరు చెప్పారని రాశాడు?"

"మా పారెన్, అని రాశాడు."

"ఇంకోసారి చదువు," అన్నాడు.

చదివింది. మూడోసారి ఆయన అడక్కుండానే చదివింది.